చెన్నపట్నంలో రెండు రోజులు – మన ఫైళ్లు పుట్టిన ఊరు చూసొద్దాం

రాబోయే ఫిబ్రవరి మొదటి శని, ఆదివారాల్లో సంఘం తరఫున చెన్నై యాత్ర పెట్టుకోవాలని మన కార్యవర్గం తీర్మానించింది. ఏమేమి చూడాలి, ఏ వరుసలో చూడాలి అన్న పథకం తయారు చేసే పని నాకు అప్పగించారు. ముప్పై ఆరేళ్లు కలెక్టరేటులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. పని అప్పగిస్తే నోట్ ఫైలు పెట్టకుండా ఉండలేను. ఈ వ్యాసాన్ని ఆ నోట్ ఫైలు అనుకోండి.

చెన్నై మన నెల్లూరు వాళ్లకు కొత్త ఊరేమీ కాదు. కంటి ఆపరేషన్లకు, గుండె పరీక్షలకు, అమ్మాయి పెళ్లి చీరలకు, అమెరికా వీసా పనులకు వెళ్లి వస్తూనే ఉన్నాం. సెంట్రల్ స్టేషన్లో దిగడం, ఆటో ఎక్కడం, పని చూసుకోవడం, రాత్రి బండికి తిరిగి రావడం. ఇన్నిసార్లు వెళ్లినా ఊరు చూసినవాళ్లు మనలో తక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనం సర్వీసంతా రాసిన రిజిస్టర్లు, పాటించిన రూళ్లు, చివరకు మన రాష్ట్రం కూడా ఆ ఊళ్లోనే పుట్టాయి. ఆ గుర్తులు ఇంకా అక్కడ ఉన్నాయి. వాటిని చూసి ఆనవాలు పట్టగలిగిన ఆఖరి తరం మనదే. బి.ఎస్.ఓ. 15 అంటే ఏమిటో, డైగ్లాట్ రిజిస్టరు ఎలా ఉంటుందో మన మనవలకు తెలియదు. అన్నీ కంప్యూటర్లో చూసుకునేవాళ్లకు తెలియాల్సిన అవసరమూ లేదు. తెలిసినవాళ్లం కాళ్లూ చేతులూ ఆడుతుండగానే ఒకసారి చూసి, ఇంటికొచ్చి పిల్లలకు చెబితే ఆ మాట మిగులుతుంది.

ఎప్పుడు, ఎలా

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైకి ఈశాన్య ఋతుపవనాల వానలు. మార్చి దాటితే ఎండలు. సంక్రాంతి నాళ్లలో రైళ్లలో కాలు పెట్టే చోటుండదు. ఇవన్నీ తీసేస్తే మన వయసు వాళ్లకు మిగిలేది ఫిబ్రవరి. కోటలోని మ్యూజియానికి, ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు గనుక శని, ఆదివారాలే మనకు అనుకూలం.

శుక్రవారం సాయంత్రం బండిలో బయలుదేరితే రాత్రికి చేరతాం. బస ఎగ్మూరు ప్రాంతంలో చూసుకుంటే సెంట్రలుకూ మ్యూజియానికీ దగ్గర. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, మెట్లు ఎక్కే పని లేదు. రైల్వేవారు వృద్ధులకిచ్చే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు గనుక ఖర్చు పూర్తి చార్జీ మీదే లెక్క వేశాను. కింది బెర్తులు కావలసినవారు ముందే చెప్పాలి. మందుల సంచీ, ఆధార్ కార్డు ఎవరివి వారి దగ్గరే ఉండాలి. కోట లోపల సచివాలయం ఉంది, గేటు దగ్గర తనిఖీ తప్పదు.

దారిలోనే చరిత్ర మొదలవుతుంది

రైలు గూడూరు దాటాక తూర్పు వైపు చూస్తూ కూర్చోండి. కంటికి కనపడదు గానీ, ఆ పక్క సముద్రపు ఒడ్డునే దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషు వాళ్లు మద్రాసు రాకముందు 1611లో మచిలీపట్నంలోనూ, 1626లో ఈ దుగరాజపట్నంలోనూ వ్యాపార కొఠీలు పెట్టారు. పాత పుస్తకాల్లో ఆర్మగాన్ అని ఉండేది ఈ ఊరే. ఇక్కడ బట్టల వ్యాపారం సరిగా సాగక దక్షిణంగా ఇంకో చోటు వెతుక్కుంటూ వెళ్లారు. వాళ్లకు దొరికిన చోటే మద్రాసు. మన తీరంలో కుదరని బేరమే ఆ మహానగరానికి నాంది అన్నమాట.

అదే తూర్పు వైపున బకింగ్‌హాం కాలువ ఉంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసి, మన జిల్లా తీరం వెంబడి మద్రాసు దాకా, ఆ పైకి కూడా సాగే ఈ ఉప్పునీటి కాలువ పని 1876-78 నాటి ధాత కరువులో పెద్ద ఎత్తున జరిగింది. కూలీలకు కరువు పని దొరికింది, కాలువకు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దక్కింది. కృష్ణా డెల్టా బియ్యం, మన తీరం కట్టెలు పడవల మీద దాని గుండానే మద్రాసు చేరేవి.

ఇప్పుడు పడవలు పోయాయి గాని నీళ్లు వెళుతున్నాయి. 1976లో మూడు కృష్ణా రాష్ట్రాలు తలా 5 టి.ఎం.సి.లు చెన్నై తాగునీటికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో రామారావు గారూ ఎం.జి.ఆర్. గారూ తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నారు. 1996లో కండలేరు కాలువ ద్వారా కృష్ణ నీరు తమిళనాడు సరిహద్దు దాటింది. ఈ కాలువ భూసేకరణ కాగితాలు కదిపిన చేతులు మన సంఘంలోనూ ఉన్నాయి. చెన్నైలో మంచినీళ్ల గ్లాసు ఎత్తినప్పుడు గుర్తు చేసుకోండి.

శనివారం ఉదయం: కోట

టిఫిన్ చేసి తొమ్మిదిన్నరకల్లా బస్సెక్కితే పదింటికి కోటలో ఉంటాం. 1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే ఈ ఇసుక తీరాన్ని సంపాదించింది ఎవరి దగ్గర? దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర. చంద్రగిరిలో ఉన్న విజయనగర రాజుకు లోబడి ఈ ప్రాంతం ఏలుతున్న తెలుగు నాయకుడాయన. తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో ఉండి వ్యవహారం చూశాడు. వాళ్ల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద వెలిసిందే చెన్నపట్నం. మధ్యన దుబాసీగా నిలిచినవాడు బేరి తిమ్మప్ప. అతనూ తెలుగువాడే. 1996లో మద్రాసు పేరు చెన్నై అని మార్చినప్పుడు కొత్త పేరు పెట్టారని మనలో కొందరు అనుకున్నారు. పెట్టింది పాత తెలుగు దొర పేరే.

సెయింట్ జార్జి కోట అంటే నాబోటి గుమాస్తాకు ముందు గుర్తొచ్చేది ఫిరంగులు కావు, గెజిట్. రికార్డు రూములో పాత కట్టలు విప్పినవాళ్లందరూ ‘ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్’ అన్న శీర్షిక చూసే ఉంటారు. శ్రీకాకుళం నుంచి కన్యాకుమారి దరిదాపుల దాకా, అటు మలబారు దాకా ఒక తాసిల్దారు బదిలీ కావాలన్నా, ఒక గ్రామం సర్వే కావాలన్నా ఆ గెజిట్‌లో పడాల్సిందే. బొబ్బిలి రాజా వారూ, టంగుటూరి ప్రకాశం పంతులు గారూ ఉమ్మడి రాష్ట్రాన్ని నడిపిన చోటు ఇదే.

లోపల రెండు చూద్దాం. ఒకటి మ్యూజియం. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన జెండా అక్కడ భద్రంగా ఉంది. మేడ మెట్లు ఎక్కలేనివాళ్లు కింది అంతస్తు చూస్తే చాలు. రెండోది సెయింట్ మేరీ చర్చి, 1680 నాటిది. ఇక్కడ మన రెవెన్యూ వాళ్లు ఒక నిమిషం ఆగాలి. సర్ థామస్ మన్రో సమాధి ఇందులోనే ఉంది. 1827 జూలైలో మద్రాసు గవర్నరుగా ఉంటూనే దత్తమండలాల్లో పర్యటిస్తూ, కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా తగిలి పోయాడు. మొదట గుత్తిలో ఖననం చేసి, 1831లో ఇక్కడికి తెచ్చారు.

కోట బయటికి రాగానే ఎదురుగా హైకోర్టు, దాని వెనుక జార్జిటౌన్. లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి, గోవిందప్ప నాయకర్ వీధి అని పేర్లు చదువుకుంటూ వెళితే ఈ ఊళ్లో మనవాళ్లు ఏ వ్యాపారంలో ఎంత ఉన్నారో అర్థమవుతుంది. సందుల్లో నడవడం మన మోకాళ్లకు కష్టం గనుక బస్సులో నుంచే చూద్దాం. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ నాడు ప్రకాశం పంతులు గారు తుపాకులకు గుండె చూపింది ఈ చుట్టుపక్కలే. 1901 మార్చి 16న పొట్టి శ్రీరాములు గారు పుట్టింది కూడా ఈ జార్జిటౌన్ లోని అణ్ణాపిళ్లై వీధిలోనే.

శనివారం మధ్యాహ్నం: మన్రో గుర్రం, చేపాక్ బోర్డు

భోజనం, అరగంట విశ్రాంతి అయ్యాక కోటకు దక్షిణంగా ఐలాండ్ మైదానం పక్క నుంచి వెళతాం. గుర్రం మీద మన్రో విగ్రహం అక్కడ కనిపిస్తుంది. చాంట్రీ అనే శిల్పి చేసిన ఈ విగ్రహాన్ని 1839లో ప్రతిష్ఠించారు. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. చూసిన ప్రతివాళ్లూ దాని మీద ఒక కథ చెబుతారు. ఆ కథల కన్నా మనకు పనికొచ్చేది ఆయన చేసిన పని. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలకు ఆయన ప్రిన్సిపల్ కలెక్టరుగా ఏడేళ్లు ఉన్నాడు. ఊరూరా గుడారం వేసుకుని పొలం పొలం కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరనే శిస్తు కట్టాడు. 1820లో గవర్నరై వచ్చాక ఆ రైత్వారీ పద్ధతే రాజధాని అంతటికీ పద్ధతైంది. రైతు పేర పట్టా, ఏటా జమాబందీ, అడంగల్, చిట్టా అన్నవన్నీ మనం చేసిన రూపంలోకి వచ్చింది ఆ దారిలోనే. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఊరికే కాదు. శిస్తు బరువు తక్కువని నేననను. కానీ రైతు పేరు సర్కారు కాగితం మీదికెక్కింది. కాగితం మీద పేరుంటే ఏమిటో, లేకపోతే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అక్కడి నుంచి మెరీనా వైపు చేపాక్. ఇది ఆర్కాటు నవాబుల భవనం. 1855లో నవాబు పోవడంతో పదవి రద్దయి, భవనం ప్రభుత్వం చేతికొచ్చి, రెవెన్యూ బోర్డుకు నిలయమైంది. 1786లో ఏర్పడిన ఆ బోర్డు ఇచ్చిన స్టాండింగ్ ఆర్డర్లే మన బి.ఎస్.ఓ.లు. బంజరు ఎవరికి ఇవ్వాలన్నా 15, పట్టా మార్పు కావాలన్నా 31. మన రాష్ట్రంలో 1977 చట్టంతో బోర్డు పోయి కమిషనర్లు వచ్చారు. తమిళనాడులో 1980లో రద్దు చేశారు. బోర్డు పోయినా దాని ఆర్డర్ల నంబర్లు మాత్రం మనం రిటైరయ్యేదాకా నోట్లో ఆడాయి. 2012 జనవరిలో ఈ భవనంలో కొంత భాగం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. తర్వాత పాత సున్నపు పద్ధతిలోనే బాగు చేశారు. వెలుపలి నుంచి చూసినా ఎర్రని గోడలూ గుమ్మటాలూ కనువిందు చేస్తాయి.

మా నాన్నగారు ఆ బోర్డు ఆఫీసులో లోయర్ డివిజన్ గుమాస్తా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలుకు వెళ్లినవాళ్లలో ఆయన ఒకరు. నాకప్పుడు మూడేళ్లు. కర్నూలులో ఆఫీసులు గుడారాల్లో నడిచాయని అందరికీ తెలిసిందే. మా నాన్నగారు చెప్పింది అంతకు ముందరి సంగతి. చేపాక్‌లో నెలల తరబడి ఫైళ్లు విడదీశారట. గుంటూరుది ఇటు, తంజావూరుది అటు. జిల్లా ఫైలు విడదీయడం తేలిక. ‘అన్ని జిల్లాలకూ’ అని ఉన్న ఫైలును ఏం చెయ్యాలి? ఎదురుగా కూర్చునే తమిళ గుమాస్తా, మా నాన్నగారు కలిసి అలాంటివాటికి చేత్తో నకళ్లు రాసుకున్నారట. బయట వీధిలో ‘మద్రాసు మనదే’ అని వీళ్లు, కాదని వాళ్లు నినాదాలు. లోపల ఇద్దరూ ఒకే సిరాబుడ్డి. ఆయన ఎప్పుడు చెప్పినా అక్కడ నవ్వేవారు.

శనివారం చీకటి పడేలోగా మెరీనా ఇసుకలో కాసేపు కూర్చుని బసకు తిరిగొస్తాం.

ఆదివారం ఉదయం: ఎగ్మూరు

ఎగ్మూరు మ్యూజియం 1851లో మొదలైంది. పెద్దది. అంతా చూడాలనుకుంటే ఏదీ చూడలేం. మనం నేరుగా అమరావతి శిల్పాల దగ్గరికి పోదాం. 1797 ప్రాంతంలో కల్నల్ మెకంజీ అమరావతి దిబ్బను చూశాడు. 1845లో గుంటూరులో కమిషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలు మద్రాసు పంపాడు. అవి చాలాకాలం ఇక్కడ ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడ మీద లండన్ వెళ్లాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడికి వెళ్లలేని మనకు, ఇక్కడ మిగిలిన పలకలే దర్శనం. కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ల నాడు చెక్కిన ఆ సున్నపురాతి మీద ఏనుగు మడమ ముడుత కూడా కనిపిస్తుంది. తొందరపడకండి, ఈ గదికి గంట కేటాయించాను.

ఆ మెకంజీ పేరే ఇంకో రకంగా మనకు కావాలి. ఆయన దగ్గర ఏలూరు వాళ్లు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములు పనిచేశారు. ఊరూరా తిరిగి, కరణాల కవిలకట్టలు విప్పించి, గ్రామ చరిత్రలు రాయించి తెచ్చారు. మనం కైఫియతులని చదివేవి అవే. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు. దొర పేరు సేకరణ మీద నిలిచింది, కాళ్లరిగేలా తిరిగినవాళ్లు మన గుమాస్తాలు. మెకంజీ సేకరణలో పెద్ద భాగం, సి.పి. బ్రౌన్ ఇచ్చిన రాతప్రతులతో కలిసి 1869లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి.

ఎగ్మూరు స్టేషన్ ఎదురుగానే ఎర్రటి ఆర్కైవ్స్ భవనం. 1909లో కట్టిన ఈ మద్రాసు రికార్డు ఆఫీసులో కంపెనీ నాటి నుంచి మన జిల్లాల కాగితాలున్నాయి. అది ప్రభుత్వ కార్యాలయం, ముందుగా అనుమతి తీసుకుని పనిదినాల్లోనే వెళ్లాలి. ఆదివారం మనం గేటు బయట నుంచి నమస్కారం పెట్టడమే. సొంత ఊరి చరిత్ర రాస్తున్న సభ్యులు సోమవారం కూడా ఉండేలా ఏర్పాటు చేసుకుంటే బాగుంటుంది. ఆర్.డిస్. అని ముద్ర వేసి శాశ్వతంగా ఉంచమని రాశామే, ఆ మాట నిలబడ్డ చోటు అది. మన సొంత రికార్డు రూముల్లో చెదపురుగు ఆర్.డిస్.కూ ఎల్.డిస్.కూ తేడా చూడలేదు.

తిరిగి వచ్చేదారిలో నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు మీదుగా వెళదాం. 1812లో ఎల్లిస్ దొర స్థాపించిన సెయింట్ జార్జి కోట కాలేజీ ఇక్కడ ఉండేది. కలెక్టర్లు కాబోయే దొరకుర్రాళ్లు తెలుగు, తమిళం నేర్చుకుని పరీక్ష ప్యాసైతే గాని ఉద్యోగంలోకి పంపేవారు కాదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబం అని ఎల్లిస్ 1816లో రాసింది క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగానే. 1817లో వచ్చిన బ్రౌన్ కూడా ఇక్కడే ఓనమాలు దిద్ది, కడపలో ఉద్యోగం చేసి, మనకు నిఘంటువు ఇచ్చిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం: మైలాపూరు

చివరి మజిలీ ఉద్దేశపూర్వకంగానే చివర పెట్టాను. రాయపేట హైరోడ్డు, 126 నంబరు ఇల్లు. బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు ఇక్కడే నిరశన దీక్షకు కూర్చున్నారు. అంతకు ఆరేళ్ల ముందు ఆయన మన నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని దీక్ష చేసిన మనిషి. ఇక్కడ 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. నెల్లూరు మొదలుకొని ఎన్నో ఊళ్లు భగ్గుమన్నాయి, కాల్పులు జరిగాయి. 19వ తేదీన నెహ్రూ గారు లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. మద్రాసు నగరం లేకుండా. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. ఆ ఇల్లు స్మారక భవనమైంది. మన జిల్లా 2008 నుంచి ఆయన పేరు మోస్తోంది. జిల్లా పేరు దరఖాస్తుల మీద లక్షసార్లు రాసినవాళ్లం, ఆ పేరుకు కారణమైన గది చూడకపోతే ఎలా?

శ్రీరాములు గారు ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే పోయారు. ఆయన పోయాక ఆ ఊరు మనది కాకుండా పోయింది. ఇందులో ఓడినవాళ్లెవరు, గెలిచినవాళ్లెవరు అని మా నాన్నగారి తరం చాలాకాలం వాదించుకుంది. ఇన్నేళ్ల తర్వాత ఆ వాదం తిరగతోడే పని లేదు. ఊరు ఎవరిదన్న ఫైలు 1953లో మూసేశారు. ఊళ్లో మన పాలు ఎంతన్న ఫైలు మాత్రం విప్పి చదివినవాళ్లకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

అక్కడికి దగ్గర్లోనే లజ్‌లో నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనం సంపాదనతో 1914లో ‘ఆంధ్రపత్రిక’ను మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరది. కోస్తా, రాయలసీమ పెద్దలు 1937 నవంబరు 16న ఒడంబడిక చేసుకున్న శ్రీబాగ్ ఆయన ఇల్లే. పార్కులో చెట్ల కింద బెంచీలున్నాయి. కాఫీ తాగి, కాళ్లు చాపుకుని, సాయంత్రం బండికి సెంట్రలుకు చేరదాం. వడపళని స్టూడియోలు, టి.నగర్ బట్టల కొట్లు ఈ పథకంలో లేవని వదినగార్లు, చెల్లెమ్మలు కోపగించుకోవద్దు. శనివారం సాయంత్రం మెరీనాకు బదులు పానగల్ పార్కు దగ్గర దిగదలచినవారికి వేరే ఆటోలు ఏర్పాటు చేస్తాం. ఆ పార్కు కూడా మన కాళహస్తి ప్రాంతపు పానగల్ రాజా పేరు మీదిదే కాబట్టి అటు వెళ్లినా చరిత్ర తప్పదు.

రావాలనుకునేవారు జనవరి 10వ తేదీలోగా సంఘం కార్యాలయంలో పేరు, వయసు, వాడే మందుల వివరం రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పెద్దవాళ్లు ఎవరైనా నడవలేమని సంకోచించవద్దు, రెండు చక్రాల కుర్చీలు వెంట తెస్తున్నాం. వీలైతే ప్రతి ఇంటి నుంచీ ఒక మనవడినో మనవరాలినో తీసుకురండి. వాళ్లకు టిక్కెట్టు ఖర్చు మనది, చూపించి చెప్పే పనీ మనదే.